చివరి ఊరి బడికి గురువు ఎప్పుడు చేరుతాడు?

మన దేశంలోని పాఠశాలల్లో బోధిస్తున్న వారి సంఖ్య 2024-25 విద్యా సంవత్సరంలో తొలిసారిగా కోటి దాటింది. కేంద్ర విద్యాశాఖ ఏటా వెలువరించే యూడైస్ ప్లస్ నివేదిక ఈ విషయాన్ని ప్రకటించింది. ప్రాథమిక విద్యలోని తొలి దశలో సగటున 10 మంది పిల్లలకు ఒకరు, తరువాతి దశలో 13 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉన్నట్లు ఆ నివేదిక లెక్క తేల్చింది. విద్యాహక్కు చట్టం కోరినది 30 మందికి ఒకరిని మాత్రమే. ఈ అంకెలు చదివిన వారెవరైనా ఉపాధ్యాయుల కొరత అనే మాట ఇక పాతబడినదని భావించడం సహజం.

అయితే అదే నివేదికలో మరొక అంకె ఉన్నది. ఒకే ఒక్క ఉపాధ్యాయునితో నడుస్తున్న పాఠశాలలు దేశం మొత్తం మీద 1,04,125. వాటిలో చదువుతున్న పిల్లలు 33,76,769 మంది. ఇటువంటి పాఠశాలలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనం ఊహించే ఉత్తరాది రాష్ట్రమేదీ కాదు, మన ఆంధ్రప్రదేశే. ఇక్కడ వాటి సంఖ్య 12,912.

ఈ రెండు లెక్కలూ నిజమైనవే. దావత్‌లో దేగ్ నిండుగా ఉన్నంత మాత్రాన చివరి దస్తర్‌ఖాన్ మీద కూర్చున్న వారి ఆకలి తీరదు. వండినది చాలినంత ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, వడ్డన అందరికీ చేరినదా అన్నది మరొక ప్రశ్న. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల విషయంలో రెండవ ప్రశ్నే నేడు ముఖ్యమైనదని మేము భావిస్తున్నాము. ఎంతమంది ఉపాధ్యాయులు ఉన్నారు అనే దానితో ఆగిపోక, వారు ఎక్కడ ఉన్నారు, ఏ అర్హతతో ఉన్నారు, ఎంతకాలం ఉంటున్నారు అని అడగవలసి ఉన్నది.

నంబులపూలకుంట వంటి చోటు నుండి చూస్తే

నంబులపూలకుంట మండలం కదిరి ప్రాంతంలోనిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగే వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆనాటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ప్రపంచ ప్రసిద్ధి గాంచిన తిమ్మమ్మ మర్రిమాను ఉన్న గూటిబైలు ఇక్కడికి చెందినదే. ఇటీవలి కాలంలో ఈ పేరు వినగానే అందరికీ గుర్తుకు వచ్చేది వేల ఎకరాలలో పరచుకున్న సౌర విద్యుత్ పార్కు. ఇక్కడి ఎండ విద్యుత్తుగా మారి తీగల వెంట దూరప్రాంతాలకు చేరుతున్నది. ఒక వస్తువును ఎక్కడి నుండి ఎక్కడికైనా చేర్చగల సామర్థ్యం మన ప్రభుత్వాలకు ఉన్నదనడానికి ఇదొక నిదర్శనం. మరి ఒక ఉపాధ్యాయుడిని పట్టణం నుండి పల్లెకు చేర్చి అక్కడ నిలపడం ఇంత కష్టమెందుకవుతున్నది?

ఈ ప్రాంతం వాన మీద ఆధారపడిన నేల. వేరుశనగ పండితే పండినట్లు, లేకుంటే బెంగళూరు బాట పట్టవలసినదే. ఊళ్లు చిన్నవి, ఒకదానికొకటి దూరం. చాలా ఊళ్లలో ముస్లిం కుటుంబాలు కొన్ని గడపలకు మించవు. కూలి కోసం తల్లిదండ్రులు వలస వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకుపోతారు, లేదా ముసలివారి దగ్గర విడిచిపోతారు. బడిలో హాజరు పడిపోతుంది. హాజరుతో పాటు నమోదూ తగ్గుతుంది. ఉపాధ్యాయ పోస్టులు నమోదును బట్టి నిర్ణయమవుతాయి కనుక, పిల్లలు తగ్గిన బడిలో పోస్టు కూడా తగ్గుతుంది. పోస్టు తగ్గిన బడిని చూసి, స్థోమత ఉన్న మరికొందరు తమ పిల్లలను కదిరిలోని ప్రైవేటు బడికి పంపుతారు. ఈ విధంగా కరవు, వలస, ఖాళీ కుర్చీ ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి. చివరకు ఆ ఊరిలో మిగిలేది మరెక్కడికీ పోలేని పేదవాని బిడ్డ.

ఒక్క ఉపాధ్యాయుని రోజు

ఏకోపాధ్యాయ పాఠశాల అంటే ఏమిటో లెక్క వేసి చూద్దాము. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుండి ఐదు వరకు వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం ఐదు తరగతులకు 18 పాఠ్యాంశాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ఆ 800 గంటలూ ఒక్కరే ఐదు తరగతులకు పంచితే ఒక్కొక్క తరగతికి దక్కేది 160 గంటలు. అంటే పిల్లవాడు బడిలో కూర్చున్న ప్రతి ఐదు గంటలలో గురువు అతని వైపు తిరిగి ఉండేది ఒక గంట మాత్రమే. తరగతులను కలిపి బోధించే పద్ధతులు ఉన్నమాట నిజమే. కాని ఆ నేర్పు కూడా అనుభవంతో, శిక్షణతో వచ్చేదే తప్ప నియామక పత్రంతో పాటు చేతికి వచ్చేది కాదు.

ఇక ఆ ఒక్కరే మధ్యాహ్న భోజనం చూడాలి, యాప్‌లో హాజరు ఎక్కించాలి, సమావేశాలకు వెళ్లాలి. ఆయనకు జ్వరం వస్తే మండలం నుండి మరొకరిని సర్దాలి, లేదా ఆ రోజుకు బడి లేనట్లే. ఇందులో ఆ ఉపాధ్యాయుని తప్పు ఏమీ లేదు. ఇంత భారాన్ని ఒక్కరి భుజాన ఉంచి ఫలితం రాలేదని నిందించడం న్యాయం కాదు.

చట్టం ఏమి కోరుతున్నది?

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని దాని షెడ్యూలు చెబుతున్నది. 25వ సెక్షన్ ప్రకారం ఈ నిష్పత్తిని ప్రతి పాఠశాలలోనూ పాటించాలి, జిల్లా సగటు చూపి సరిపెట్టడానికి వీలు లేదు. ఒక బడిలో నియమించిన వారిని మరొక బడిలోనో, కార్యాలయంలోనో పనిచేయించరాదని కూడా అదే సెక్షన్ అంటున్నది. 26వ సెక్షన్ ప్రకారం ఏ పాఠశాలలోనూ మంజూరైన పోస్టులలో ఖాళీలు 10 శాతానికి మించరాదు. రెండు పోస్టులున్న పల్లె బడిలో ఒకటి ఖాళీ అయితే అది 50 శాతం ఖాళీ. 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని ఆంక్ష విధించింది.

మన రాష్ట్రంలో ఈ సూత్రాలు ఆచరణలో పలుమార్లు దారి మళ్లాయి. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలలకు తరలించే పద్ధతి తెచ్చింది. తరగతులు వెళ్లిపోయిన చోట ఒకటి, రెండు తరగతులతో, ఒక్క ఉపాధ్యాయునితో బడులు మిగిలాయి. 2025లో ఆ ఉత్తర్వును రద్దుచేసి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల విధానాన్ని తెచ్చారు. ఇది మంచి ఆలోచన. కాని దాని ఫలం పిల్లలు ఎక్కువగా ఉన్న ఊళ్లకే ముందుగా అందుతుంది. చిన్న ఊరి బడి మళ్లీ ఒక్కరితోనే సరిపెట్టుకోవలసి వస్తున్నది.

బదిలీల తక్కెడ

2025లో మన రాష్ట్రం ఉపాధ్యాయుల బదిలీలకు ప్రత్యేక చట్టమే చేసుకున్నది. సిఫారసుల బాధ తప్పి, పాయింట్ల ప్రకారం ఆన్‌లైన్ కౌన్సెలింగ్ జరగడం హర్షణీయం. ఒకే చోట ఉపాధ్యాయులు 8 విద్యా సంవత్సరాలు, ప్రధానోపాధ్యాయులు 5 విద్యా సంవత్సరాలు పూర్తిచేస్తే బదిలీ తప్పనిసరి. పాఠశాలలను నాలుగు కేటగిరీలుగా విభజించి, పట్టణ ప్రాంతంలో పనిచేసిన ఏడాదికి 1 పాయింటు, చేరుకోవడం కష్టమైన చోట పనిచేసిన ఏడాదికి 5 పాయింట్ల వరకు ఇస్తారు.

ఈ ఏర్పాటు దూరప్రాంతంలో కష్టపడిన వారికి న్యాయం చేస్తుంది. అయితే ఆ న్యాయం ఏ రూపంలో అందుతుందో గమనించండి. దూరపు బడిలో కూడబెట్టిన పాయింట్లు ఖర్చయ్యేది ఆ బడిని విడిచి రావడానికే! ఆ బడిలో నిలిచి ఉన్నందుకు వేరే బహుమానమేదీ లేదు. పైగా ఇంటి అద్దె భత్యం పట్టణంలో ఎక్కువ, పల్లెలో తక్కువ. కొత్తగా ఉద్యోగం పొందిన వారికి సాధారణంగా మిగిలేది అందరూ విడిచిన దూరపు ఖాళీయే. వారు పని నేర్చుకునేది అక్కడ, నేర్చిన పనిని చూపేది పట్టణంలో. పల్లె పిల్లవానికి ఎప్పుడూ కొత్తవారే, పట్టణ పిల్లవానికి ఎప్పుడూ అనుభవజ్ఞులే.

ఉపాధ్యాయులకూ కుటుంబాలున్నాయి. వారి పిల్లలకూ మంచి చదువు కావాలి, వృద్ధులైన తల్లిదండ్రులకు వైద్యం కావాలి. దేశంలోని ఉపాధ్యాయులలో 54 శాతానికి పైగా స్త్రీలు. బస్సు సరిగా రాని ఊరికి రోజూ వెళ్లి రావడం వారికి ఎంత కష్టమో మన ఇళ్లలోని స్త్రీలనడిగితే చెబుతారు. కనుక త్యాగం చేయమని ఉపన్యసించడం కంటే, ఉండగలిగే పరిస్థితి కల్పించడమే సరైన మార్గం.

పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా ఒక చిన్న ముస్లిం దేశం. అక్కడ 2006లో ప్రధాన రహదారికి దూరంగా ఉన్న పాఠశాలలలో పనిచేసేవారికి మూల వేతనంపై 30 నుండి 40 శాతం వరకు ప్రత్యేక భత్యం ప్రకటించారు. అంతవరకు ఆ బడుల పేరు చెబితే వెనుకాడినవారిలో అనేకులు తామే అక్కడికి బదిలీ కోరుకున్నారు. సంపన్నమైన దేశమేమీ కాదు అది. దూరాన్ని కష్టంగా గుర్తించి, ఆ కష్టానికి అక్కడే వెల కట్టిందంతే.

అర్హత: టెట్, సనద్

పంపకం ఎంత ముఖ్యమో అర్హత అంత ముఖ్యం. మేము మదరసాలో బోధించేవారము. మా విద్యా సంప్రదాయంలో సనద్ లేనివాడు, అనగా ఎవరి దగ్గర ఏమి చదివాడో చెప్పలేనివాడు, బోధనా పీఠం మీద కూర్చోడు. ఆ దృష్టితో చూసినప్పుడు ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, మాకు అన్యాయంగా తోచదు.

నేటి నియమాలు ఇవి. ఒకటి నుండి ఐదు తరగతులకు బోధించాలంటే ఇంటర్మీడియెట్ తరువాత రెండేళ్ల డి.ఎల్.ఇడి. చేసి టెట్‌లో ఉత్తీర్ణులు కావాలి. బి.ఇడి. చేసినవారు ఈ తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2025 సెప్టెంబరు 1న అదే న్యాయస్థానం, ఇప్పటికే సర్వీసులో ఉండి ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలని ఆదేశించింది. ఆ వ్యాజ్యంలో ప్రధాన పక్షం మహారాష్ట్రలోని ముస్లిం విద్యాసంస్థ అంజుమన్ ఇషాఅతె తాలీమ్ ట్రస్టు కావడం మన పాఠకులు గమనించదగిన విషయం. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ నియమం ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. తీర్పు ఎటు వచ్చినా, మన సంస్థలలోని ఉపాధ్యాయులు టెట్‌కు సిద్ధం కావడంలో నష్టమేమీ లేదు.

2012 సవరణ ద్వారా మదరసాలకు విద్యాహక్కు చట్టం నుండి మినహాయింపు లభించింది. ఆ మినహాయింపు మన స్వేచ్ఛను కాపాడింది, కాని మన విద్యార్థికి ఉద్యోగార్హతను ఇవ్వలేదు. ఆలిమ్ సనద్ డి.ఎల్.ఇడి.కి బదులు కాదు. కనుక హిఫ్జ్, ఆలిమ్ కోర్సులు చదివే పిల్లలు సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి, ఇంటర్ పూర్తిచేసేటట్లు చూడడం మదరసాల బాధ్యత. మరొక సంగతి మరువరాదు. బడికి వెళ్లే వయసు ముస్లిం పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు వందకు నలుగురికి మించరని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. అంటే మన పిల్లలలో అత్యధికుల భవిష్యత్తు ఊరి బడి మీద ఆధారపడి ఉన్నది. ప్రభుత్వ పాఠశాలలో ఖాళీ అంటే అది మన ఇంటి సమస్యే.

ఉర్దూ పోస్టుల సంగతి

2025 ఏప్రిల్ 20న మన రాష్ట్రం 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించింది. అందులో పాత అనంతపురం జిల్లా వాటా 807. సెప్టెంబరులో నియామకాలు పొందినవారు 15,941 మంది. మిగిలిన 406 పోస్టులకు అర్హులు దొరకలేదు.

అర్హులు దొరకకపోవడం ఉర్దూ పోస్టుల విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాత సమస్య. రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు ఆ వర్గాలలో అరుదు. పోస్టు కాగితం మీద ఉంటుంది, పాఠం చెప్పేవారు మాత్రం రారు. దళిత, గిరిజన సోదరుల రిజర్వేషన్‌కు మేము వ్యతిరేకులము కాము. వారి వాటాను ఇతర పోస్టులలో సర్దుబాటు చేసి, ఉర్దూ పోస్టును ఉర్దూ వచ్చినవారితో నింపితే ఇరువురికీ మేలు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ నిర్దేశిస్తున్నది. 2022లో ఉర్దూ మన రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది. ఈ గౌరవం బోర్డుల మీద అక్షరాలతో ఆగిపోక తరగతి గది దాకా రావాలి.

హజ్రత్ ఉమర్ (రజి) చేసిన పంపకం

గురువులను న్యాయంగా పంచడం నేటి ప్రభుత్వాలు కనిపెట్టిన సమస్య కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో షామ్ ప్రాంతంలో జనం పెరిగారని, వారికి నేర్పేవారు కావాలని అక్కడి అధికారి యజీద్ బిన్ అబీ సుఫియాన్ (రజి) మదీనాకు లేఖ రాశారు. ఖుర్‌ఆన్ విద్యలో ప్రసిద్ధులైన ఐదుగురు అన్సారీ సహాబాలను హజ్రత్ ఉమర్ పిలిపించారు. వారిలో ఒకరు వృద్ధులు, ఒకరు వ్యాధిగ్రస్తులు. వారిద్దరినీ మినహాయించి ముగ్గురిని పంపారు. ముందు హిమ్స్ నగరంలో ముగ్గురూ కలిసి పనిచేయాలి, అక్కడ పని కుదుటపడిన తరువాత ఒకరు అక్కడే నిలవాలి, ఒకరు దమిష్క్‌కు, ఒకరు ఫలస్తీన్‌కు వెళ్లాలి అని ఏర్పాటు చేశారు. హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) హిమ్స్‌లో నిలిచారు. హజ్రత్ అబూ దర్దా (రజి) దమిష్క్ చేరారు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) ఫలస్తీన్ వెళ్లి, ఆ ప్రాంతంలో వ్యాపించిన అమ్వాస్ మహమ్మారిలో మరణించారు.

ఈ సంఘటనలో మూడు విషయాలు గమనించదగినవి. కోరిక కింది నుండి వచ్చింది: జనం అవసరాన్ని స్థానిక అధికారి లెక్క చెప్పి అడిగాడు. పంపినవారు రాజధానిలో మిగిలిపోయినవారు కారు, శ్రేష్ఠులు. వృద్ధునికి, రోగికి మినహాయింపు దొరికింది, అయినా పని ఆగలేదు. మన నేటి బదిలీ విధానాన్ని ఈ మూడు గీటురాళ్ల మీద పరీక్షించి చూసుకోవచ్చు.

మన ఇళ్ల నుండి మొదలయ్యే పని

ప్రభుత్వం చేయవలసినవి ప్రభుత్వం చేయాలి. దూరపు బడిలో నిలిచినవారికి అక్కడే భత్యం ఇవ్వాలి. పల్లెకు నియమించిన వారిని పట్టణంలో సర్దుబాటు చేసే అలవాటు మానాలి. వలస వెళ్లిన పిల్లల పేర్లను తొలగించి పోస్టును తగ్గించే ముందు ఆ పిల్లలు ఎక్కడ ఉన్నారో విచారించాలి.

అయితే మనము చేయగలవి కూడా ఉన్నాయి. మొదటిది, పాఠశాల తల్లిదండ్రుల కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. మన తల్లులు ఆ కుర్చీలలో కూర్చోవాలి. రెండవది, ఉపాధ్యాయురాలికి ఊరిలో అద్దె ఇల్లు. మతం, కులం అడగకుండా గౌరవంగా ఒక గది ఇవ్వగలిగిన ఊరిని విడిచి పోవాలని ఎవరికీ తొందర ఉండదు. మూడవది, మన ఆడపిల్లలు. ఇంటర్ ముగియగానే చదువు ఆపించే బదులు డీసెట్ రాయించి డి.ఎల్.ఇడి.లో చేర్పించండి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన ఊరి అమ్మాయి ఉపాధ్యాయురాలైతే ఆమెకు దూరపు ఊరు దూరం కాదు, అది ఆమె సొంత ఊరు. నాలుగవది, మస్జిద్ కమిటీలు చందాలతో విద్యా వాలంటీరును పెట్టడం పుణ్యకార్యమే. కాని దానితో తృప్తిపడి ఖాళీ పోస్టు గురించి అడగడం మానితే ఆ పుణ్యం పిల్లలకు నష్టంగా మారుతుంది.

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలో ప్రతి తండ్రి, ప్రతి తల్లి ప్రధానోపాధ్యాయుని దగ్గరకు వెళ్లి మర్యాదగా మూడు ప్రశ్నలు అడగాలని మా విన్నపం. ఈ బడికి మంజూరైన పోస్టులెన్ని? నేడు పనిచేస్తున్నవారు ఎందరు? ఖాళీ ఉంటే ఎప్పటి నుండి? జవాబులను ఒక కాగితం మీద రాసి, కమిటీ సంతకాలతో మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. షామ్ నుండి మదీనాకు వెళ్లిన లేఖలోనూ ఇంతకు మించిన విద్య ఏమీ లేదు. అవసరాన్ని లెక్కతో చెప్పడమే అందులోని పని. అల్లాహ్ మన ఊళ్లన్నిటికీ ప్రయోజనకరమైన విద్యను, దానిని నేర్పే గురువులను ప్రసాదించుగాక. ఆమీన్.